రాళ్ల నాలుక మీద గొర్రెలు

ఆదివారం పని లేదు కాబట్టి మాకు రాళ్లు చూపిస్తామన్నారు.

నేను ఈ మాట చెప్పేటప్పటికి నాయన మంచం మీద కూర్చుని, ఒక కంబళి కప్పుకుని, దానిమీద ఇంకో కంబళి కప్పుకుంటున్నాడు.

"ఏం రాళ్లు?" అన్నాడు.

"గులకరాళ్లంట నాయనా. సముద్రం లోపలికి నాలుక మాదిరి పొడుగ్గా పోయింటాయంట. చానా సింగారంగా ఉంటాదంట. యాడాడనుంచో జనం చూసేకి వస్తారంట."

నాయన నా మొహం చూశాడు. "మన చేన్లో రాళ్లు ఏరి ఏరి మా నాయన నడుము వంగిపాయ. నాది వంగుతాండాది. రాళ్లు చూసేకి ఓడెక్కి రావల్లనా?"

"పోకపోతే బాగుండదు. ఈ ఇంటి అవ్వ బండి తీస్తాండాది."

"సరే పద. వీళ్ల రాళ్లు ఏం గొప్పో మనమూ చూస్తాం."

మాది కణేకల్లు దగ్గర ఒక ఊరు. కాలువ వస్తుందని కొలతలు వేసి, గుర్తురాళ్లు పాతి వెళ్లారు. నీళ్లు ఇంకా రాలేదు, రాళ్లు మాత్రం ఉన్నాయి. మేము కురుబవాళ్లం. గొర్రెలు కాయడం, ఉన్ని కత్తిరించి వడకడం, కంబళ్లు నేయడం మా పని. మా నాయనను చుట్టుపక్కల ఊళ్లలో గొర్రెల ఈరన్న అనేవాళ్లు. వరసగా రెండేళ్లు వాన మొహం చాటేసింది. మొదటి ఏడాది గొర్రెలు తుమ్మకాయలు తిని బతికాయి. రెండో ఏడాది తుమ్మచెట్లకు కాయలే లేవు. ఎన్నికలప్పుడు గోడలకు అంటించిన కాగితాలను, వెనకనున్న పిండిబంక రుచికి, ఏ పార్టీదన్న తేడా లేకుండా నాకి తినేశాయి. ఆఖరికి నాయన మందనంతా అనంతపురం సంతకు తోలుకుపోయి, ఒక్కడే తిరిగి వచ్చాడు. అప్పటినుంచి ఉన్ని బయట కొని కంబళ్లు మాత్రం నేస్తున్నాడు. జనం కంబళ్ల ఈరన్న అనడం మొదలుపెట్టారు. ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే నాయన వెనక్కి తిరిగి చూడడు. పిలిచినవాళ్లు చెవుడనుకుంటారు. చెవుడు కాదని ఇంట్లో మాకు తెలుసు.

ఉత్తరాన, ఎండాకాలంలో కూడా పళ్లు కొట్టుకునేంత చలి ఉండే ఒక దీవిలో ఉన్నిపనుల ప్రదర్శన పెట్టారు. ఆ దీవి పేరు పలకడానికి నాకు ఇప్పటికీ నోరు తిరగదు. దేశదేశాల నేతవాళ్లను పిలుస్తూ మా కంబళ్ల సంఘానికి కూడా కబురు పంపారు. నేసేవాళ్లు ఒకరు, వడికేవాళ్లు ఒకరు రావాలన్నారు. వడకడంలో మా అమ్మను మించినవాళ్లు లేరు. కానీ సముద్రం అన్న మాట వినగానే అమ్మ చాప చుట్టి చంకన పెట్టుకుని పక్కింటికి వెళ్లిపోయింది. "తిమ్మక్కను తోలుకొని పో! అదైతే నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చినాది" అని అక్కడినుంచే అరిచింది.

నేర్చిన మాట నిజమే. మాట్లాడిన పాపాన మాత్రం పోలేదు. మా ఊరి బడిలో అయ్యవారు పేరు పిలిస్తే పలకడానికి సిగ్గుపడి చెయ్యి ఎత్తేదాన్ని. ఆయన తల ఎత్తకుండా హాజరు వేసేవారు కాబట్టి, నేను బడికి వెళ్లిన చాలా రోజులు లెక్కలోకి రాలేదు.

మాతోపాటు సంఘం కార్యదర్శి జయరాముడు సారు వచ్చారు. ఇంగ్లీషు అంతా ఆయనే మాట్లాడతారని మేము ధైర్యంగా ఉన్నాం. ఆయనకు ఓడలో వాంతులు పట్టుకున్నాయి, దిగిన మరునాడే పడిశం పట్టుకుంది. ముక్కుమీద గుడ్డ, తలమీద దుప్పటి, కాళ్ల దగ్గర వేడినీళ్ల సీసా పెట్టుకుని పడుకుని, రోజూ పొద్దున నన్ను పిలిచి ఒకే పాఠం చెప్పేవారు.

"చూడు తిమ్మక్కా, మీ నాయన నోరు మంచిది కాదు. ఏదన్నా అంటే నువ్వు ఉన్నదున్నట్టు చెప్పాకు. నున్నగా చేసి చెప్పు. ఈడ మన పేరు చెడిందంటే మన సంఘాన్ని ఇంగ ఎవురూ పిలవరు. తెలిసినాదా?"

నేను తల ఊపేదాన్ని. ఉన్నదున్నట్టు చెప్పడానికే నాకు మాటలు చాలవు, నున్నగా చేయడానికి ఎక్కడినుంచి తెచ్చేది? అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. నాయన ఏమన్నా సరే, "చాలా బాగుందంటున్నారు" అని చెప్పేదాన్ని. ప్రదర్శనలో ఒకామె మా కంబళిని చేత్తో రుద్ది చూసి, ఇది ఒళ్లు గీరుకుపోయేలా ఉందని మొహం ముడిచింది. నాయన "ఏమంటాంది?" అంటే "చాలా బాగుందంట" అన్నాను. "మరి మొగం ఎందుకట్ల పెట్టినాది?" అంటే "వాళ్ల మొహాలే అంత" అన్నాను. ఈ ఒక్క మాటతో వారం రోజులు రెండు దేశాల మధ్య చిన్న గొడవైనా రాకుండా కాపాడుకొచ్చాను.

మేము ఉన్నది ఎల్సీ అవ్వ ఇంట్లో. ఆమెకు మా నాయనమ్మ వయసుంటుంది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, మగవాళ్ల కోటు, తలకు రుమాలు. ఒంటరి మనిషి. ఆమె మాట కూడా నాయన మాటలాగే ఉంటుంది. మొదటిరోజే నన్ను కింద నుంచి పైదాకా చూసి, "నీకు నోరుందా, లేదా?" అని అడిగింది. ఉందని చెప్పడానికి నేను తల ఊపాను.

ఆ ఆదివారం ఆమె తన పాత మోటారు బండిలో మమ్మల్ని ఎక్కించుకుని బయలుదేరింది. దారి పొడుగునా పచ్చగడ్డి. మోకాలెత్తు గడ్డి, మేపేవాళ్లు లేని గడ్డి. నాయన కిటికీలోంచి తల బయట పెట్టి దాన్ని చూస్తూ ఒక్క మాట మాట్లాడలేదు. నాకు భయం వేసింది. ఆయన ఊరకే ఉన్నాడంటే లోపల ఏదో ఉడుకుతున్నట్టు.

బండి దిగి రాళ్ల నాలుక చూశాక నాకు మాత్రం మాట రాలేదు. ఎప్పుడూ రాదనుకోండి, ఈసారి వేరే కారణంతో రాలేదు. దీవి అంచు నుంచి గులకరాళ్ల గట్టు ఒకటి కొడవలిలా వంపు తిరిగి, కనుచూపు మేర సముద్రంలోకి వెళ్లిపోయింది. ఒక పక్క అలలు, ఇంకో పక్క అద్దంలాంటి నీళ్లు. బూడిద రంగువి, తెల్లనివి, ఎర్ర చారలవి, ఒక్కొక్క రాయి కోడిగుడ్డంత నున్నగా ఉంది. అల వచ్చి వెనక్కి పోయినప్పుడల్లా రాళ్లన్నీ కలిసి దొర్లి, గోనెసంచిలోంచి చెనక్కాయలు కుమ్మరించినట్టు చప్పుడు చేస్తున్నాయి. తెల్లపక్షులు గాలికి ఎదురు నిలబడి, ఎగరకుండా, పడిపోకుండా ఉన్నచోటే ఉన్నాయి.

"ఎట్లుండాది నాయనా?" అన్నాను.

నాయన వంగి ఒక రాయి తీసి, తిప్పి చూసి, పక్కన పెట్టాడు. ఇంకొకటి తీసి దానిమీద పెట్టాడు. చేన్లోకి దిగితే రాళ్లు ఏరి గట్టున వేసే అలవాటు ఆయన చేతులది. "బాగనే ఉండాయి. గోరు పగలకుండా ఏరచ్చు" అన్నాడు.

"ఏమంటున్నాడు?" అంది అవ్వ.

"చాలా బాగుందంటున్నారు."

అప్పుడు నాయనకు గొర్రెలు కనబడ్డాయి.

నాలుక మొదట్లో, సరిగ్గా గొంతు దగ్గర, అడ్డంగా ఒక గోడ ఉంది. మట్టి, సున్నం లేకుండా రాయిమీద రాయి పేర్చిన గోడ, నా భుజం ఎత్తుంటుంది. గోడకు ఇవతల పచ్చగడ్డి. అవతల రాళ్లమీద గొర్రెలు. సన్నకాళ్లవి, చిన్నవి, బూడిదరంగువి కొన్ని, నల్లవి కొన్ని, తెల్లది ఒకటి. నీళ్ల అంచున నిలబడి, అలలు తెచ్చి పడేసిన నాచు తింటున్నాయి. ఆ నాచు తోలుపట్టీల్లా జారుతూ, గోధుమరంగులో, ముక్కు మూసుకోవాల్సిన వాసనతో ఉంది.

నాయన గోడమీద చేతులు పెట్టి అలా నిలబడిపోయాడు.

"ఎవురివి ఈ జివాలు?"

అవ్వ గర్వంగా బొటనవేలితో తన ఛాతీ చూపించుకుంది. దానికి నా సాయం అక్కర్లేకపోయింది.

"పాచి తింటాండాయే! గడ్డి ఇంత పెట్టుకొని, గోడ కట్టి, నోరులేని జివాలను పాచి తినమని రాళ్లమీదికి తోలినాదే! ఈమె మనిషేనా అని అడుగు తిమ్మక్కా. అడుగు!"

నేను అవ్వ వైపు తిరిగాను. "మీ గొర్రెలు చాలా బాగున్నాయంటున్నారు" అన్నాను.

అవ్వ మొహం వికసించింది. "మా తాతల కాలం నుంచీ ఇవి ఇక్కడే, నాచు మీదే బతికాయని చెప్పు. గడ్డిపరక ఎరగవు. ఇలాంటి గొర్రెలు ఇంకెక్కడా లేవు!"

ఈ మాట మాత్రం నేను ఉన్నదున్నట్టే చెప్పాను. అందులో నున్నగా చేయాల్సిందేమీ కనబడలేదు.

నాయన పళ్లు కొరికాడు. "తాతల కాలం నుంచీ మాడస్తాండారంట, అదొక గొప్ప! ఆకలయితే ఏమైనా తింటాయి. మనవి ఓట్ల కాగితాలు తినలేదా? ఎన్నికల కాగితమంటే మా జివాలకు చానా ఇష్టమప్పా అని ఊరంతా చెప్పుకుంటినా నేను?"

"ఏమంటున్నాడు?"

"తమ గొర్రెలు గుర్తొచ్చాయంటున్నారు."

అది అబద్ధం కూడా కాదు. అవ్వ తల ఊపి, గాలికి తనకు మోకాళ్లు పట్టేస్తున్నాయనీ, బండిలో స్టవ్ వెలిగించి టీ పెడతాననీ, మేము చివరిదాకా నడిచి చూసి రావచ్చనీ చెప్పి వెళ్లిపోయింది. బండి గుట్ట అవతల ఉంది. ఆమె రుమాలు గుట్ట వెనక కనబడకుండా పోయేదాకా నాయన ఆగాడు. తర్వాత కంబళి తీసి నా చేతికిచ్చాడు.

"నాయనా, వద్దు."

"ఏం వద్దు? నేను ఏమన్నా అంటినా?"

"నీ మొహం చూస్తే తెలుస్తాండాది. సారు ఏం చెప్పినాడు? మన పేరు..."

"సారు కంబళ్లోడు. ఆయనకు జివాల సంగతి ఏం తెలుసు? రాయి అందుకో."

పేర్చిన గోడను విప్పడం నాయనకు కొత్తకాదు. మా ఊళ్లో దొడ్లన్నీ అలాంటివే. పైరాయి నుంచి ఒక్కొక్కటి వరసగా తీసి నాకు అందించాడు. నేను వద్దు వద్దు అంటూనే అందుకుని కింద పెట్టాను. కాసేపట్లో గోడలో గొర్రె పట్టేంత కంత పడింది. నాయన అవతలికి దూకి, నాలుక మడిచి "ట్రుర్ర్" అంటూ వాటి వెనక నుంచి తోలాడు.

గొర్రెలు కంత దగ్గరికి వచ్చి, గడ్డిని చూసి, ఆగిపోయాయి. నాయనను చూశాయి. మళ్లీ గడ్డిని చూశాయి.

"చూడు, చూడు! పాపం, గడ్డంటే ఏందో తెలీకుండా చేసినాది ముసల్ది!" అంటూ నాయన ఒకదాని వెనక మోకాలు ఆనించి నెట్టాడు. అది లోపలికి పడి, వాసన చూసి, ఒక పరక కొరికింది. నమిలింది. ఇంకా కొరికింది. దాంతో మిగతావన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చిపడ్డాయి.

నాయన గోడమీద కూర్చున్నాడు. గొర్రెలు గడ్డి తెంపుతుంటే కర్ కర్ మని చప్పుడు. ఆ చప్పుడు విని ఎన్నాళ్లయిందో. ఆయన కాళ్లు ఊపుతూ, "తినండమ్మా, తినండి. ఎవురొస్తారో నేను చూసుకుంటా" అని వాటితో మాట్లాడుతున్నాడు. ఆ సంత రోజు తర్వాత ఆయన నవ్వడం నేను అప్పుడే చూశాను. వద్దు అన్న నేను కూడా కంబళి కప్పుకుని పక్కన కూర్చుని నవ్వాను.

అప్పుడే అవ్వ మూడు రేకుకప్పులు వేలికి తగిలించుకుని, టీ కూజా పట్టుకుని గుట్ట ఎక్కి వచ్చింది. ఒక్క కేక పెట్టింది. కప్పులు దొర్లుకుంటూ గుట్ట కిందికి పోయాయి.

"చూసినావా, గడ్డి కోసం ఎంత ఏడుపో! జివాలకు ఇంత గడ్డి పెట్టేకి చేతులు రావంటనా అని అడుగు" అన్నాడు నాయన, గోడమీద నుంచి కదలకుండా.

"గడ్డి చాలా బాగుందంటున్నారు" అన్నాను నేను. నా గొంతు నాకే వినబడలేదు.

"బాగుందా?" అవ్వ నా భుజాలు పట్టుకుంది. "చచ్చిపోతాయి! చెప్పు మీ నాన్నకు! వీటి ఒంటికి గడ్డి పడదు. ఎన్నో తరాలుగా నాచుకు అలవాటుపడ్డ ఒళ్లు. ఈ గడ్డి విషం వీటికి. ఆ గోడ గొర్రెల కోసం కట్టింది! గడ్డి కోసం కాదు!"

దీనికి నున్నని మాట కోసం వెతికాను. దొరకలేదు. ఇంగ్లీషులోనూ లేదు, తెలుగులోనూ లేదు.

"నాయనా, చస్తాయంట."

"ఏంది?"

"గడ్డి తింటే చస్తాయంట. వాటి ఒంటికి పడదంట."

"గడ్డి తింటే జివాలు చస్తాయా? నాకు చెప్తాండావా?" అంటూ నాయన నవ్వబోయాడు. నేను ఏడుపు గొంతుతో, "మనూర్లో ఎండకు మాడిన లేత జొన్న తిన్నట్టు నాయనా. అట్లాంటిదంట" అన్నాను. ఆ మాట అవ్వ చెప్పింది కాదు, నేనే చెప్పాను.

నాయన నవ్వు సగంలో ఆగిపోయింది. వాన లేక మాడిపోయిన జొన్నచేన్లో పడి మేస్తే జివాలు విషమెక్కి చస్తాయని మా ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. చూడడానికి అదీ పచ్చగానే ఉంటుంది. నాయన గోడ దిగాడు. అవ్వను చూశాడు. గొర్రెలను చూశాడు. తల గుడ్డ తీసి మళ్లీ కట్టుకున్నాడు. "గొర్రెల ఈరన్నంట. నా చేత్తో నేనే నెట్టితినే" అని గొణిగి, గడ్డిలోకి పరిగెత్తాడు.

ఎంత తిరిగినా గొర్రెలు కదల్లేదు. "ట్రుర్ర్" అన్నాడు, "హోయ్" అన్నాడు, మా కులదేవుడు బీరప్ప మీద ఒట్టు పెట్టాడు. అవి తల ఎత్తి, ఈ భాష మాది కాదన్నట్టు చూసి, మళ్లీ తల దించాయి. ఒక పక్క తరిమితే ఇంకో పక్క చెదిరాయి. అవ్వ అరిచినా అంతే. ఏడాదికొకసారి వీటిని ఒకచోట చేర్చాలంటే దీవిలోని జనమంతా చేతులు పట్టుకుని వరసగా రావాలట. ఆ జనమంతా ఇప్పుడు చర్చిలో ఉన్నారట. అవ్వ బండిలో ఒక కుక్క ఉంది కానీ, దానికి అవ్వకంటే మోకాళ్ల నొప్పులు ఎక్కువట.

"ఒక గంటలో మళ్లీ రాళ్లమీదికి తోలగలిగితే ఏమీ కాదు. పొద్దు పోయేదాకా ఇలాగే తింటే రేపటికి పడుకుంటాయి, ఇంక లేవవు" అంది అవ్వ. ఇది నేను నాయనకు అలాగే చెప్పాను.

నాయన చుట్టూ చూశాడు. "ఈ దేశంలో ఒక్క తుమ్మచెట్టన్నా లేకపాయనే!" అన్నాడు.

ఎందుకన్నాడో నాకు తెలుసు. మా దగ్గర మొండి మందను వెనక నుంచి తోలరు. తుమ్మకొమ్మ ఒకటి నరికి, కాయలు గలగలలాడేలా ఊపుతూ ముందు నడుస్తారు. మంద దాని వెనక వస్తుంది. కానీ ఇక్కడ చెట్లు లేవు. ఉన్నా, పుట్టి బుద్ధెరిగి నాచు తప్ప తినని గొర్రెలకు...

ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

"తిమ్మక్కా! పాచి! పొడుగుది చూసి పీక్కొని రా!"

నేను కంత దూకి, రాళ్లమీద జారుతూ పరిగెత్తి, నీళ్లలో కాళ్లు పెట్టాను. ఆ చలి మోకాళ్లలోంచి ఎక్కి నోట్లోంచి బయటికి వచ్చింది. "అమ్మోవ్!" అని అరిచిన అరుపుకు గాలికి ఎదురు నిలబడ్డ పక్షులన్నీ చెల్లాచెదురయ్యాయి. అలాంటి గొంతు నాకు ఉందని నాకే తెలియదు. రెండు చేతులా నాచు పీకి, భుజాలమీద వేసుకుని, వాసనకు మొహం పక్కకు తిప్పుకుని తెచ్చి ఇచ్చాను.

నాయన ఆ తడి నాచును తలమీద ఎత్తి, కొమ్మ ఊపినట్టు ఊపుతూ, గొర్రెల మధ్యలోంచి మెల్లగా నడిచాడు. చల్లని ఉప్పువాసన గాలిలోకి వెళ్లింది. ఒక నల్ల గొర్రె నమలడం ఆపింది. తల ఎత్తింది. ఒక అడుగు వేసింది.

"అరవద్దని చెప్పు ఆ ముసల్దానికి! బెదుర్తాయి! నోరు మూసుకోమను!"

నాయన అక్కడ ముందు, అవ్వ ఇక్కడ పక్కన, మధ్యలో గాలి. నున్నగా చేసే తీరిక ఎక్కడిది? నేను చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, "అవ్వా! మా నాయన నిన్ను నోరు మూసుకోమంటున్నాడు! గొర్రెలు బెదురుతాయట!" అని అరిచాను.

అవ్వ ఠక్కున నోరు మూసుకుంది. మరుక్షణం తెరిచి, "మీ నాన్నతో చెప్పు, వాడో పెద్ద మూర్ఖుడు! అటు బురద ఉంది! ఎడమకు పొమ్మను!" అంది.

"నాయనా! ఆమె నిన్ను మూర్ఖుడంటాంది! బురదంట! ఎడమకు పోవల్లంట!"

నాయన ఎడమకు తిరిగాడు. "మూర్ఖుణ్నే అని చెప్పు! ఆ తెల్లదాన్ని చూసుకోమను, అది తప్పించుకుంటాండాది!"

"అవ్వా! ఒప్పుకుంటున్నాడు! తెల్లదాన్ని పట్టుకో!"

ఇలా నేను ఇటూ అటూ తిరిగి గొంతు చించుకుంటుంటే, వాళ్లిద్దరూ తిట్టుకుంటూనే, చెప్పినచోటికల్లా చెప్పినట్టు కదిలారు. వారం రోజులుగా నేను కాపాడుకొచ్చిన మర్యాదంతా ఆ గడ్డిలో పోయింది. గొర్రెలు మాత్రం వచ్చాయి. నల్లది ముందు, దాని వెనక నాలుగు, వాటి వెనక అన్నీ. గడ్డి వదిలేసి, నాయన భుజంమీద వేలాడే నాచును అందుకోవాలని ఒకదానిమీద ఒకటి ఎక్కుతూ, కంతలోంచి రాళ్ల నాలుక మీదికి దూకాయి. దూకగానే, అసలేమీ జరగనట్టు, నీళ్ల అంచుకు పోయి తమ చెత్త తాము తినడం మొదలుపెట్టాయి.

అవ్వ వాటిని వేలితో లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. "ఒకటి తక్కువ" అంది.

అది గడ్డి చివర, నీళ్ల గుంతలో పడుకుని ఉంది. నాయన నెట్టిన మొదటి గొర్రె అదే. నాయన దాని దగ్గర మోకాళ్లమీద కూర్చున్నాడు. కనురెప్ప ఎత్తి చూశాడు. చెవి పట్టుకుని చూశాడు. పొట్టమీద అరచేయి పెట్టి, తల వంచి, చాలాసేపు విన్నాడు. అవ్వ ఆయన ఎదురుగా కూర్చుని, రెండో పక్క అలాగే చెయ్యి పెట్టింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

"ఏంల్యా. ఆశకు తిని, లేయలేకుండా ఉండాది" అన్నాడు నాయన. అవ్వ కూడా అదే సమయంలో ఏదో అంది, బహుశా అదే.

నాయన గొర్రె కాళ్లు ముందుకు కలిపి పట్టి, ఒక్క ఊపున మెడమీదికి ఎత్తుకున్నాడు. అది భయానికి కాకపోయినా మర్యాదకు ఒకసారి బే అంది. ఆయన దాన్ని మోసుకుంటూ కంత దాటాడు. మేమిద్దరం వెనక దాటి, రాళ్లు అందుకుని గోడ మూశాం. అవ్వ పెద్దరాళ్లు, నేను చిన్నరాళ్లు. మూసేటప్పుడు అవ్వ, "మీ ఇంటి దగ్గర ఎన్ని గొర్రెలు?" అని అడిగింది.

"ఒకటి కూడా లేదు. వాన పడలేదు. అన్నీ అమ్మేశాడు" అన్నాను.

అవ్వ చేతిలో రాయి పట్టుకుని నాయన వైపు చూసింది. తర్వాత ఆ రాయిని పెట్టాల్సిన చోట పెట్టింది. "చెప్పు మీ నాన్నకు. ఇలాంటి మూర్ఖుణ్ని నేను పుట్టాక చూడలేదు. కానీ గొర్రెలవాడు."

నేను రెండూ చెప్పాను.

"రెండోది మళ్లీ చెప్పు" అన్నాడు నాయన.

చెప్పాను.

అవ్వ గోడ ఎక్కి దాటి, గుట్ట కిందికి దిగి కప్పులు ఏరుకుని, కూజా తెచ్చింది. ఒకటి సొట్టపోయింది. టీ చల్లారింది. ముగ్గురం గులకరాళ్ల మీద, గాలికి వీపు పెట్టి ఒకచోట చేరాం. నేనూ అవ్వా కూర్చున్నాం. నాయన నిలబడే ఉన్నాడు. ఆయన మెడమీద గొర్రె ఇంకా అలాగే ఉంది. తడి ఉన్నిలోంచి నీళ్లు చొక్కామీదికి కారుతున్నాయి.

"ఇక దింపొచ్చని చెప్పు" అంది అవ్వ.

"దింపమంటాంది నాయనా."

"దింపుతాలే. ఉండనీ."

"మరి టీ ఎలా తాగుతాడో అడుగు."

అడిగాను. నాయన నాలుగు కాళ్లనూ ఒక చేతిలోకి తీసుకుని, రెండో చెయ్యి కప్పు కోసం చాచాడు.